కొద్ది గంటల కూతురు

"అత్తా... నా బిడ్డ యాడుండాది? ఏడుపే వినపళ్లేదే!"

హిందూపురం ఆసుపత్రి మంచం మీద నుంచి లేవబోయిన సుచిత్రను అత్త సుశీలమ్మ భుజాలు పట్టి ఆపింది. "వద్దు తల్లీ... నువ్వు చూడొద్దు!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త అమర్‌నాథ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ధర్మవరంలో పొద్దస్తమానం మగ్గం మీద ఆడే ఆ చేతులు ఇప్పుడు గోడను పట్టుకుని ఉన్నాయి!

పుట్టింది ఆడపిల్ల. నడుము కింద రెండు కాళ్లూ ఒకటిగా అతుక్కుపోయి పుట్టింది. లోపల మూత్రపిండాలు కూడా ఏర్పడలేదనీ, కొద్ది గంటలకు మించి బతకదనీ డాక్టర్ కమలాక్షి మెల్లగా చెప్పింది.

సుశీలమ్మ దుఃఖం కోపమై పొంగింది. "గ్రహణం నాడు బయటికి పోవద్దంటే ఇన్యావా? అంతా నీ వల్లనే..."

"ఆమెనేమీ అనకండమ్మా! గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు" అంది డాక్టర్. "ఇలా ఎందుకు పుడతారో మాకూ పూర్తిగా తెలీదు. తల్లికి షుగర్ ఉంటే ముప్పు పెరుగుతుంది. ఈమెకు షుగర్ ఉందన్న సంగతే ఈరోజు బయటపడింది. మొదట్నుంచీ చూపించుకుని ఉంటే అదుపులో పెట్టేవాళ్లం. బిడ్డ సంగతి స్కానింగులో ముందే తెలిసేది. ఎందుకు రాలేదమ్మా?"

సుచిత్ర అత్తవైపు చూసింది. పరీక్షలకు రమ్మని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఎంత బతిమాలింది! 'నేను నలుగుర్ని ఇంట్లోనే కంటిని, నన్నే మిషన్ చూసింది?' అంటూ గుమ్మంలోనే తిప్పి పంపింది అత్తే కదా! ఆ మాట పెదవుల దాకా వచ్చింది... కానీ కుమిలిపోతున్న ఆ ముసలి ముఖం చూశాక బయటికి రాలేదు.

"నాకే భయమేసి రాలేదు మేడమ్..."

సుశీలమ్మ నిలువునా కుప్పకూలింది. "అబద్ధం మేడమ్! నేనే పోనీలేదు! ఇంత కడుపుకోతలో గూడా నన్ను కాపాడతాండావా తల్లీ..."

కన్నీళ్లు తుడుచుకుని లేచి, తానే వెళ్లి తెల్లగుడ్డలో చుట్టిన పసిగుడ్డును తెచ్చింది. కాళ్ల మీది గుడ్డ తొలగించి చూసింది సుచిత్ర. కెవ్వుమనలేదు. వంగి ఆ కాళ్లను ముద్దు పెట్టుకుంది! "అచ్చం నీ ముక్కేనయ్యా..." అని భర్తను పిలిచింది. అమర్‌నాథ్ వచ్చి ఏడుస్తూ బిడ్డ తల నిమిరాడు.

సాయంత్రానికి ఆ చిన్ని ఊపిరి తల్లి ఒడిలోనే ఆగిపోయింది...

బిడ్డను తీసుకోవడానికి నర్సు చేతులు చాచింది. సుశీలమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇంకొంచేపు ఉండనీమ్మా... నా కోడలు ఇంకా తనివితీరా చూసుకోలేదు!"