క్లిఫర్డ్‌కి ఫన్నీగా ఉంది

ఇంగ్లండులోని ఓల్డమ్‌లో ఆ మంగళవారం పొద్దున నోరీన్ బ్రెడ్ కాలుస్తోంది. బల్ల దగ్గర కూర్చున్న మొగుడు క్లిఫర్డ్, "నాకేదో ఫన్నీగా ఉంది" అన్నాడు.

"ఇవాళే తెలిసిందా? నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను" అని ఆమె వెనక్కి తిరక్కుండానే నవ్వింది.

ఆమెననీ లాభం లేదు. ఆ ఊళ్లో ఆ ఒక్క మాటే వంద చాకిరీలు చేస్తుంది. నవ్వొచ్చినా ఫన్నీయే, పాలు విరిగినా ఫన్నీయే, పక్కింటావిడ మూతి ముడుచుకున్నా ఫన్నీగా ఉందంటారు. ఒంట్లో తేడా చేసినా అదే మాట. పైగా క్లిఫర్డ్ బస్సు నడిపిన రోజుల్నుంచీ జోకులకు పెట్టింది పేరు. మామగారి అంత్యక్రియల్లో పాదిరీని నవ్వించిన ఘనుడు.

కప్పు పడ్డ చప్పుడుకి నోరీన్ తిరిగింది. ఆయన మూతి ఒక పక్కకి జారింది. అదీ వేషమే అనుకుని, చాల్లే కోతి చేష్టలని కసిరి, గుడ్డ తెచ్చి నేల మీద టీ తుడిచింది. లేచేటప్పుడు కనబడింది, ఒళ్లో వాలిపోయిన ఎడమ చెయ్యి. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మందు ఎక్కించారు, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు. కూతురు బెవర్లీ స్కూల్లో పాఠం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నోరీన్ జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"ఒంట్లో బాలేదంటే నవ్వావా అమ్మా? నాన్న అలా అయిపోతుంటే నేల తుడుస్తూ కూర్చున్నావా?"

నోరీన్ చేతులు కోటు జేబుల్లో దాచుకుంది. ఆయన పోతే చివరగా విన్నది తన వెటకారమే.

ఉన్నట్టుండి బెవర్లీ భోరుమంది.

"ఆదివారం నాన్న నాకు ఫోన్ చేశాడమ్మా. చెయ్యి ఫన్నీగా ఉందన్నాడు. అయితే దాన్ని స్టేజీ ఎక్కించమన్నాను."

కోపం రావాల్సిన చోట నోరీన్‌కి జాలే వచ్చింది. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఆయనెప్పుడు సూటిగా మాట్లాడాడు తల్లీ, మనకి తెలియడానికి" అంది.

నాలుగింటికి నర్సు వచ్చి, మెలకువ వచ్చిందనీ, భార్య కోసం అడుగుతున్నాడనీ చెప్పింది. నోరీన్ గడప దగ్గరే ఆగిపోయింది. బెవర్లీయే చెయ్యి పట్టి నడిపించింది.

క్లిఫర్డ్ మాట కూడదీసుకుంటుంటే, ఏ జోకో వస్తుందని నోరీన్ వంగింది.

"భయమేస్తోంది, నోరీన్" అన్నాడాయన ముద్దముద్దగా.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నోరీన్ బూట్లయినా విప్పకుండా మంచమెక్కి ఆయన పక్కన పడుకుంది.

"నాకూ" అంది.