రెండు నారింజ, మూడు తెలుపు

"రైలు నదిలో పడకుండా ఆపాలి. అంతే," అన్నాడు చీఫ్ ఫోన్లో, వస్తూ వస్తూ పాలపాకెట్ తెమ్మన్నంత తేలిగ్గా.

అంతేనట! ఏజెంట్ ముంగిసకి ఒళ్ళు మండింది. 'నల్లగొడుగు' అనే విదేశీ ముఠా, డ్రైవర్ లేకుండా నడిచే సిటీ రైలుని చేజిక్కించుకుంది. కంట్రోల్ రూమ్ మాట వినదు, పెట్టెల్లో అలారం మోగదు. లైను చివర వంతెన సగమే కట్టారు. బ్రేకు వెయ్యగలిగేది ఒక్క ముఠా ల్యాప్‌టాపే. ప్లంబర్ వేషంలో వెళ్ళి దాన్ని ఎత్తుకొచ్చాడు ముంగిస. పక్క గదిలో వేషం మార్చుకొచ్చేసరికి అది కాస్తా చచ్చి కూర్చుంది. పాస్‌వర్డ్ ఉంది, పిస్టల్ ఉంది, తెర మాత్రం కటిక చీకటి. మూలనున్న చిన్న లైటు ఒక్కటే మిణుకుమంటోంది. నారింజ రంగులో రెండుసార్లు, తెల్లగా మూడుసార్లు. కాస్త ఆగి, మళ్ళీ అదే పాట.

"మోర్స్ కోడ్! మీవాళ్ళకి పంపు," అంది నెమలి, గోళ్ళు అరగదీసుకుంటూ. ముఠాని వదిలి మనవైపు వచ్చేసిన అందగత్తె ఆమె. కొప్పులో బంగారు అంచున్న పచ్చ క్లిప్ తళుక్కుమంది.

పంపాడు. సైఫర్ విభాగం తలలు బద్దలుకొట్టుకుని తేల్చింది.

"ఏనుగు ఉత్తరానికి తిరిగింది," అన్నాడు చీఫ్.

"ఏ ఏనుగు సార్?"

"అదే ఆలోచిస్తున్నాం."

మీ ఆలోచన తగలెయ్య! ముంగిస ఫోన్ పెట్టేసి, సిగ్గు విడిచి భార్యకి చేశాడు. ఆవిడ ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తుంది. ఆయన ఎరువుల కంపెనీలో గుమాస్తా అని ఆవిడ నమ్మకం. స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"ఏమోయ్, ఆఫీసు ల్యాప్‌టాప్ ఆన్ అవడం లేదు."

"మళ్ళీ కాఫీ పోశారా?"

"లేదే తల్లీ! లైటేదో కొట్టుకుంటోంది."

"ఏ రంగు? ఎన్నిసార్లు?"

చెప్పాడు.

"నా మెమరీ కనపడ్డం లేదు మొర్రో అంటోంది పాపం. మూత తీసి ర్యామ్ చూడండి. త్వరగా! నా చిరాకులో నేనున్నాను. ఈ దిక్కుమాలిన రైలు ఏ స్టేషన్లోనూ ఆగకుండా పోతోంది."

ముంగిసకి ఉద్యోగంలో చేరాక ఇంత భయం ఎన్నడూ వెయ్యలేదు. గూఢచారి పెన్ను తీశాడు. కెమెరా ఉంది, విషం ఉంది, స్క్రూడ్రైవర్ లేదు! నెమలి చేతిలో నెయిల్ ఫైల్ లాక్కుని, దాని మొనతోనే స్క్రూలు తిప్పాడు.

"ఇక్కడేం లేదే! ఖాళీ!"

"అయితే ఎవరో పీకేశారు. వేలెడు పచ్చ ముక్క, అంచున బంగారు పళ్ళుంటాయి. వెతకండి."

ముంగిస తలెత్తి కొప్పు వైపు చూశాడు. నెమలి చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. బల్లని ఒక్క తోపు తోశాడు. ఆమె తీసిన పిస్టల్ ఎగిరి మూలన పడింది, నెమలి కుర్చీతో సహా వెల్లకిలా పడింది. ఛార్జర్ వైరుతో చేతులు కట్టేసి, క్లిప్ లాగాడు.

"ఏమిటా చప్పుడు?"

"కుర్చీ పడింది."

"మీ కంగారూ మీరూనూ. ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కండి. టక్కుమనాలి."

టక్కుమంది. తెర వెలిగింది. పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పంది. మళ్ళీ కొట్టాడు. తప్పంది, ఇంకొక్క అవకాశమే ఉందంది.

"ఒప్పుకోదేంటే ఇది!"

"క్యాప్స్ లాక్ లైటు చూసుకున్నారా? ఎప్పుడూ అదేగా మీ గొడవ."

వెలుగుతోంది. ఆపి, ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టి, బ్రేకు మీట నొక్కాడు. ఫోన్లో కీచుమని చెవులు చిల్లులుపడే మోత. తర్వాత ఏమీ వినపడలేదు.

"ఏమోయ్? ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను! ఇన్ని స్టేషన్లు వదిలేసి, తీరా నది ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆపి చచ్చాడు. ఎవడో గానీ, వాడికి బొత్తిగా పని రాదు."

"నిజమే," అన్నాడు ముంగిస కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళావిడ పక్కనుండి చెబితే గానీ రాదనుకుంటా."