ఇత్తడి రింగుల సాక్ష్యం

లారీ కనిపించకముందే దాని ఏడుపు వినిపించింది. వీధి మలుపులో గేరు మారుతుంటే 'గర్ర్‌ర్' మని పళ్ళు నూరిన చప్పుడు. మేడమ్ చేతిలోని టీ కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"పాత బండి. గేర్‌బాక్స్‌కి ఒంట్లో బాగాలేదు," అంది.

"మరి డాక్టర్ దగ్గరికి పోక మన గుమ్మం ముందు ఆగిందేంటి వదినా?" అన్నాడు మరిది కిటికీలోంచి తొంగిచూస్తూ.

మేడమ్ ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేసింది. గుద్దుకున్న బండ్ల కిందకి దూరి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు మనుషుల నాటకాలు తేలుస్తోంది. మరిది, అంటే ఆమె చెల్లెలి భర్త, ఫోటో స్టూడియో మూసేసి మరీ ఆమెకు అసిస్టెంటుగా చేరాడు. వదిన బుర్ర ముందు తన కెమెరా ఏపాటిదని ఊరంతా చెప్పుకుంటాడు.

లోపలికి వచ్చిన నెరిసిన మీసాల లారీ డ్రైవరు కుర్చీలో కూర్చోలేదు.

"సాయంత్రంలోగా నన్ను లోపలేస్తారట మేడమ్. దొంగతనం చేశానట!"

నిన్న ఆయన లారీలో ఒక నగల షాపు సామానంతా కొత్త భవనానికి మారింది. చిన్న పెట్టె మాత్రం క్యాబిన్‌లో ఆయన పక్కనే ప్రయాణించింది. కొత్త షాపు యార్డులో దించి తెరిస్తే, నీలాల సంచి లేదు. షాపు యజమాని వెంటనే గేట్లు మూయించాడు. బయటికి వెళ్ళేవాళ్ళందరినీ సోదా చేశారు. లారీ సీట్లు చింపారు, టైర్లు విప్పారు. ఏమీ దొరకలేదు. డ్రైవర్ని రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టి, యార్డులోనే ఉన్న బండిని పొద్దున ఇచ్చి పంపారు.

"రాత్రి యార్డులో ఎవరున్నారు?"

"కొత్త షాపులో బీరువాలు బిగించడానికి వచ్చిన మేస్త్రి. నా బండికి రిపేర్లన్నీ ఆయనే చేస్తాడు. ఇంకా యజమాని అల్లుడుగారు. ఆయనకి కొత్త లారీలున్నాయి, వాటిలో ఒకటి యార్డులోనే ఉంది. దేవుడులాంటి మనిషి. పొద్దున్నే ఫోన్ చేసి, లాయరు ఖర్చులకి పనికొస్తుంది, నీ లారీ నేనే కొంటానన్నాడు."

"ఈ గరగర ఎప్పటినుంచి?"

"ఇవాళ్టి నుంచే! నిన్న యార్డుకి తోలినప్పుడు గేర్లు వెన్నలా పడ్డాయి. పొద్దున అక్కడ కానిస్టేబుల్ తప్ప ఎవరూ లేరు. బయల్దేరానో లేదో, ఇదిగో ఇలా. నా కర్మ!"

మేడమ్ అప్పటికే వీధిలో ఉంది. చేతులు పైకి మడిచి లారీ కింద దూరింది. మరిది కెమెరాతో వెనకే పాకాడు. గేర్‌బాక్స్ బిరడా వదులు చేసి, వేలికి అంటిన నూనెను ఆమె వాసన చూసింది. గంధకం కంపు, కుళ్ళిన గుడ్డులా. తర్వాత టార్చి పక్కకి తిప్పింది. గేర్‌బాక్స్ పక్కన ఒక రేకు మూత. ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లటి జిడ్డు మధ్య దాని బోల్టుల తలలు మాత్రం ఈమధ్యే పానా పడినట్టు మెరుస్తున్నాయి. మూత అంచు చుట్టూ, నూనె కారకుండా పూసే నీలిరంగు పేస్టు సన్నగా.

"వదినా! సంచి ఇందులోనే ఉంది! పానా తెస్తాను, విప్పేద్దాం!"

"నోరు మెల్లగా! ఇక్కడ విప్పితే ఈయన చేతులకి బేడీలు మనమే వేసినట్టు. ఆయన బండిలో, ఆయన కళ్ళముందు దొరికితే ఎవరు నమ్ముతారు? ముందు ఫోటోలు తియ్యి."

మరిది కెమెరా ఎత్తాడు. వస్తువు ఎక్కడుందో తెలుసు. కానీ దాన్ని తాకితే నిరపరాధి మునిగిపోతాడు.

దారిలో రెండు నూనె డబ్బాలు కొని, లారీని యార్డుకి రెండు వీధుల అవతల ఆపించి, కాసేపాగి తీసుకురమ్మని డ్రైవరుకి చెప్పి, మేడమ్, మరిది ముందు నడిచారు. షాపు యజమాని చిందులు తొక్కుతున్నాడు. ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు. మేస్త్రి బీరువా బిగిస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా అల్లుడుగారు కుర్చీలు వేయించాడు.

"ఆ డబ్బా బండి ఎందుకు కొంటున్నారండీ?" అంది మేడమ్ నవ్వుతూ.

"జాలండీ. ఆ గేర్ల గరగర వింటే పాతసామాన్లవాడు కూడా తీసుకోడు. మావాళ్ళు వచ్చి లాక్కుపోతారు, ఆయన తోలనక్కర్లేదు."

మరిది ఉలిక్కిపడ్డాడు. మేడమ్ అతని కాలు తొక్కింది.

లారీ గేటులోకి రాగానే ఆమె రెండు డబ్బాలూ బల్లమీద పెట్టింది.

"ఎస్సైగారూ, ఈ బండిని స్టేషనుకి తోలాలంటే గేర్‌బాక్స్‌లో నూనె పొయ్యాలి. ఇవి రెండు రకాలు, ఒకటి జీఎల్-4, ఒకటి జీఎల్-5. అల్లుడుగారూ, లారీలున్నవారు, ఏది పొయ్యాలో మీరే చెప్పండి."

"ఇందులో అడగడానికేముందండీ? నాలుగు కంటే ఐదు పెద్దది కాదూ? మా బండ్లన్నిటికీ అదే. ఖరీదైనా మంచిది."

"అయ్యో సార్! వద్దు!" మేస్త్రి పానా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అది వెనక చక్రాల హౌసింగుకి పోసేది! ఈ పెట్టెలో పోస్తే రింగులు చచ్చూరుకుంటాయి!"

"బంగారంలాంటి బాక్సు సార్, చంపకండి," అన్నాడు డ్రైవరు. తన మెడమీదున్న కత్తి కూడా మర్చిపోయాడు.

మేడమ్ లేచి నిలబడింది.

"పాత గేర్‌బాక్స్‌లో ఇత్తడి రింగులుంటాయి. తిరిగే పళ్ళని పట్టి ఆపి, వేగం కలిపి, గేరు పడేలా చేసేది అవే. పట్టు కావాలంటే తగిన నూనె కావాలి. జీఎల్-5లో గంధకం మందు ఎక్కువ. రింగులు జారిపోతాయి, గేర్లు ఏడుస్తాయి. రోజులు గడిస్తే ఇత్తడిని తినేస్తుంది కూడా. నిన్న వెన్నలా పడిన గేర్లు ఇవాళ ఏడుస్తున్నాయంటే, రాత్రి ఎవరో నూనె మార్చారు. మేస్త్రీ, ఆ పక్క మూత విప్పు."

నూనె బుడబుడమని తొట్టిలోకి కారింది. మూత లోపలివైపు, తీగతో కట్టిన తోలు సంచి. యజమాని కెవ్వుమన్నాడు.

"చూశారా మామయ్యగారూ! వాడే దాచాడు!" అరిచాడు అల్లుడు.

"ఈ మూత విప్పాలంటే నూనె మొత్తం తీసెయ్యాలి, మళ్ళీ నింపాలి," అంది మేడమ్. "రాత్రి డ్రైవరు స్టేషన్లో ఉన్నాడు. మేస్త్రి పోస్తే సరైన నూనే పోస్తాడు. మూతకి కాగితం వాషరు వేస్తాడు, ఈ నీలి పేస్టు కాదు. ఎస్సైగారూ, కొత్త లారీ పనిముట్ల పెట్టె తెరిపించండి. నూనె డబ్బా, పేస్టు ట్యూబు రెండూ దొరుకుతాయి."

"అది అందరి దగ్గరా ఉంటుంది!"

"ఉంటుంది. కానీ గేర్ల గరగర మీకెలా తెలుసు? నిన్న లేదు. పొద్దున మీరిక్కడ లేరు. మూత బిగించాక కారుతోందేమోనని రాత్రి బండి తిప్పి చూశారు. పాత బండి గొంతే అంత అనుకున్నారు. గేటు దగ్గర సోదా ఉంది కాబట్టి, ఒకసారి వెతికేసిన బండిలో దాచి, తర్వాత బండినే కొనేద్దామనుకున్నారు."

గేటు దగ్గర కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "అవును సార్. రాత్రి బండిని గోడవారగా జరుపుతానంటే సరేనన్నాను. అల్లుడుగారు కదా అని..."

అల్లుడు గేటువైపు దూకాడు. మేస్త్రి కాలు అడ్డం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా తొట్టిలోని నూనెలో బోర్లా పడింది.

"కొత్త షాపులో వాటా అడిగితే మామ నవ్వాడు!" అని నేలమీదనుంచే అరిచాడతను. యజమాని కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి డ్రైవరు రెండు చేతులూ పట్టుకున్నాడు.

మేస్త్రి గేర్‌బాక్స్‌ని రెండుసార్లు కడిగి, జీఎల్-4 నింపాడు.

సాయంత్రం మేడమ్ మళ్ళీ టీ పోసుకుంది. "డ్రైవరు ఇటుగా వెళ్తూ హారన్ కొడతానన్నాడు వదినా. ఇంకా రాలేదే?" అన్నాడు మరిది.

కింద గుమ్మం ముందే హారన్ మోగింది. మరిది అదిరిపడి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. లారీ అప్పటికే వీధి మలుపు తిరుగుతోంది.

"గేరు మార్చాడా? నాకేం వినపడలేదే," అన్నాడు.

"రెండుసార్లు," అంది మేడమ్. ఈసారి కప్పు పెదవుల దగ్గర ఆగలేదు.