టేపు మేస్త్రి ఇంకా వెయ్యని అతుకు

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మొత్తం విన్నాక నన్ను కోతలరాయుడన్నారంటే ఊరుకోను. గుద్దుకున్న కార్లు బాగుచేసే టేపు మేస్త్రి అంటే మాటలా! కారు ఒంటి మీద చెయ్యేసి, వెంట్రుకవాసి వంకరున్నా చెప్పేసేవాడు. ఆయన కొలత టేపు తీస్తే నలిగిన రేకు భయపడి దానంతటదే సర్దుకునేదని జనం అనేవారు. మొదట అన్నది నేనే అనుకోండి, అయినా నిజమే.

అలాంటి మేస్త్రి ఒక ముసురు మధ్యాహ్నం పాత కార్ల యార్డుకు వెళ్లాడు. కూతురి కారును పక్కనుంచి వ్యాను గుద్దితే, రెండు తలుపుల నడుమ కప్పును మోసే పిల్లర్ నలిగిపోయింది. తెల్లారితే కూతురూ మనవరాలూ అందులోనే ప్రయాణం. రాత్రికల్లా ఇంకో పిల్లర్ తెచ్చి అతికేస్తానని మాటిచ్చాడు. పిల్లర్ తేడాదైతే, మళ్లీ దెబ్బ తగిలినప్పుడు కారు అగ్గిపెట్టెలా నలిగిపోతుంది.

"అచ్చం మీ మోడలే మేస్త్రీ, కళ్లు మూసుకుని పట్టుకుపో," అన్నాడు యార్డు యజమాని తూకం బాబాయి.

"నేను కళ్లు మూస్తే నీ కాటా ఎటు మొగ్గుతుందో తెలీదా బాబాయ్!"

ఒకదానిపై ఒకటి పేర్చిన కార్ల మధ్య పగలే చీకటి. ముక్కిపోయిన సీట్ల వాసన. ఎక్కడో రేకు మీద నీటి చుక్క... టప్... టప్.

బాబాయి చూపించిన కారు పిల్లర్ మీద మేస్త్రి టేపు లాగాడు. కారు తయారైన ఏడాది ముందే కలిసింది. పొడవు కలిసింది. సీటుబెల్టు బోల్టు రంధ్రాలు, తలుపు కీళ్ల చోట్లు, అన్నీ కలిశాయి. ఇన్నేళ్లలో ఏ పాత సామానూ ఇంత బుద్ధిగా సరిపోలేదు.

అయస్కాంతం ఆనించాడు. పట్టలేదు. అంటే రంగు కింద పుట్టీ ఉంది. ఎవరో ఒకసారి అతికిన పిల్లరే. గీరాడు.

వెల్డింగు అతుకు బయటపడింది. చివర్లో కొడవలిలా ఎడమకు తిరిగిన తోక.

అది తన చెయ్యి. ఆ తోక లోకంలో ఇంకెవరికీ రాదు. కానీ ఈ మోడల్‌కు తను ఇంతవరకూ పిల్లర్ అతకనే లేదు. మొదటిది... ఈ రాత్రి అతకాలి.

తాకాడు. వెచ్చగా ఉంది.

పిల్లర్‌కు వేలాడుతున్న సీటుబెల్టు బిగుసుకుపోయి ఉంది. దాని మడతలో పసుపుపచ్చ తాబేలు బొమ్మ జడక్లిప్పు. సగమే.

ఫోను మోగింది. "నాన్నా, దొరికిందా? నీ మనవరాలు ఇప్పుడే కొత్త క్లిప్పు కొనిపించింది. తాబేలుదట, నీకు చూపించాలట."

"పసుపుదా?"

"నీకెలా తెలుసు?"

మేస్త్రి ఇంక దేన్నీ ముట్టుకోకుండా ఇంటికి పరుగెత్తాడు. దీపాలు పెట్టే వేళకల్లా గ్యాసు కట్టరుతో కూతురి కారును ముక్కలు ముక్కలు చేసి పారేశాడు. పదిమంది పట్టుకున్నా ఆగలేదు.

"పిచ్చెక్కిందా నాన్నా!" అని కూతురు నెత్తి కొట్టుకుంది.

"బస్సులో వెళ్లండమ్మా," అన్నాడు, అంతే.

మనవరాలు నవ్వుతూ దగ్గరికొచ్చింది. జడలో తాబేలు. సగమే.

"మిగతా సగం ఏదే?" గుసగుసగా అడిగాడు.

"నీ జేబులో ఉందిగా, తాతయ్యా."

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టలేదు. ఆ చొక్కాను అలాగే తీసుకెళ్లి యార్డులో పాతిపెట్టాడు. అబద్ధమంటారా? పిల్లర్ ఇంకా అక్కడే ఉంది. అతుకు ఇప్పటికీ చల్లారలేదు. పోయి తాకి చూడండి... ఆ రోజు చొక్కాకు గొయ్యి తవ్వినవాణ్ణే అడగండి. తూకం బాబాయిని.