లాకు బంగళాలో పొగ

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి కాలవ గట్టు మీదుగా వస్తుంటే, ఎడం చేతి పక్కన పాత లాకు బంగళా ఒకటి తగులుతుంది. కాలవల్లో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో లాకులు తీయించే ఆఫీసరు గారు అందులో ఉండేవారట. ఇప్పుడు తలుపుల్లేవు, కిటికీల్లేవు. వరండా ఒక్కటే మిగిలింది.

పొద్దుగూకేక ఆ పక్కకి ఎవరూ వెళ్లరు.

అక్కడ కొరివి దెయ్యం ఉందంటారు. ముందు పొగ వాసన వస్తుందట... తర్వాత చీకట్లో, మనిషి మొహం ఉండే ఎత్తున, ఎర్రగా ఒక్క నిప్పు. చూస్తూ ఉండగానే ఎవరో దాన్ని గుటుక్కున మింగేసినట్టు — మాయం. పొగ మాత్రం వస్తూనే ఉంటుంది. పాలు పోసే శివాజీ ఓసారి అది చూసి, సైకిలూ క్యానూ గట్టు మీదే వదిలేసి పరిగెత్తేడు. ఆ భయానికి పట్టిన జ్వరం తగ్గేక కూడా ఆ దారిన రాలేదు.

బంగారరాజుకి ఈ కథలన్నీ తెలుసు. నమ్మేడా అంటే... నమ్మడానికైనా, నమ్మకపోవడానికైనా కాస్త ఓపికుండాలి కదా. ఆయనకి అది లేదు.

వయసులో ఉన్నన్నాళ్లూ ఆయన సరుకు ఓడల మీద వంట చేసేడు. ఏడాదికోసారి ఇంటికొచ్చేవాడు, నెల తిరక్కుండా వెళ్లిపోయేవాడు. మోకాళ్లు పట్టేసేక ఊరు చేరుకున్నాడు. ఇక భార్య మంగాయమ్మా తనూ తీరిగ్గా కూర్చోవచ్చనుకున్నాడు. నాలుగేళ్లు కూర్చున్నారు కూడా. పోయిన వానాకాలం ఆవిడ జ్వరమని పడుకుంది, లేవలేదు. ఇంట్లో ఉండలేక, నరసాపురంలో ఒక ఫంక్షన్ హాలు వంటశాలలో పనికి కుదిరేడు. పొద్దున్నే పంటెక్కడం, రోజంతా గాడిపొయ్యి ముందు నిలబడటం, చీకటి పడ్డాక తిరిగి రావడం.

ఓడల మీంచి ఆయన తెచ్చుకున్న అలవాటు ఒకటే — పైపు. చీఫ్ ఇంజనీరు ఒకాయన నేర్పేడు. అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా నింపాలనీ, గబగబా లాగితే నాలుక కాలుతుందనీ. ఏ రేవులో దిగినా పొగాకు డబ్బాలు వెతుక్కునేవాడు. వర్జీనియా ఆకు తియ్యగా ఉంటుంది గానీ ఒంటరిగా కాలిస్తే నాలుక మీద చీమ కుట్టినట్టుంటుంది. బర్లీ ఆకు నెమ్మది, కానీ చప్పన. రెంటినీ ఎంత పాళ్లలో కలపాలన్న దగ్గరే ఆయన సరదా అంతా ఉండేది.

ఇంటికొచ్చేసేక ఆ డబ్బాలు దొరకలేదు. దోహాలో ఉన్న మేనల్లుడు సెలవుకొచ్చినప్పుడు ఒకటీ అరా తెచ్చేవాడు.

"ఇది ఎన్నాళ్లొస్తుందండీ? కాస్త లంకాకు కలిపి పెడతాను, ఉండండి," అంది మంగాయమ్మ ఒకరోజు.

చుట్టలకి వాడే ఆ ఘాటు పొగాకు పైపులోనా అని నవ్వేడాయన. వెలిగించేక మరి నవ్వలేదు. అంత కమ్మటి పొగ ఏ రేవులోనూ ఎరగడు. లోపల కరుకుతనం, పైన ఒక తీపి... పాకం ముదిరేటప్పటి వాసన. ఎలా కలిపేవని అడగలేదు. అడగాలని తోచలేదు. రోజూ ఉండేదే కదా.

ఆవిడ పోయేక తనే కలపబోయేడు. లంకాకు ఎక్కువైతే ఎక్కిళ్లొచ్చేవి, తక్కువైతే నాలుక మండేది. లవంగం వేసేడు. వెనిల్లా చుక్క వేస్తే మాడిన పాయసం కంపొచ్చింది. చివరికి విసిగి ఆకు కొనడం మానేసేడు. ఖాళీ పైపు మాత్రం జేబులో పడి ఉండేది.

మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఆ సాయంత్రం పంటు దిగేసరికి బాగా చీకటి పడిపోయింది. ఆటోలు లేవు. ఫోనులో ఛార్జింగు లేదు. కాళ్లు బరువెక్కి, నడుం పట్టేసి, గట్టు మీద ఒక్కడే ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు.

గాలి తిరిగింది.

వాసన...

బంగారరాజు ఆగిపోయేడు. చుట్ట వాసన కాదు. బీడీ కాదు. లోపల కరుకు, పైన పాకం. మంగాయమ్మ కలిపే పొగాకు!

తలెత్తి చూస్తే — లాకు బంగళా.

వరండాలో, మనిషి మొహం ఉండే ఎత్తున, ఎర్రగా ఒక నిప్పు. ఒక్క క్షణం. గుటుక్కున మాయమైంది. పొగ మాత్రం గట్టు మీదికి వస్తూనే ఉంది.

ఇంకొకడైతే పరిగెత్తేవాడు. ఆయనకి పరిగెత్తే కాళ్లు లేవు. 'దెయ్యమైతే మాత్రం ఏం? నన్ను కాసేపు కూర్చోనిస్తే చాలు' అనుకున్నాడు. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. గట్టు దిగేడు.

మెట్టు మీద చెయ్యేసి, గుసగుసగా పిలిచేడు.

"మంగా..."

లోపల్నించి పొగ.

"మంగా... నువ్వేనా?"

చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టేరు. బట్ట కదిలిన చప్పుడు. బంగారరాజు జేబులోంచి వంటశాల అగ్గిపెట్టె తీసి పుల్ల గీసేడు.

తెల్లటి జుట్టు. లోపలికి పీక్కుపోయిన బుగ్గలు. మూసిన నోరు, ముక్కుల్లోంచి పొగ. ఆ నోరు మెల్లిగా తెరుచుకుంది —

నోటి నిండా నిప్పు!

అగ్గిపుల్ల జారిపోయింది. ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

"అయ్యయ్యో... పడిపోయేరా? నేనండీ, అల్లుడుగారూ. వీరాయమ్మని," అంది చీకటి.

వీరాయమ్మ! లాకు అవతల కొడుకు దగ్గరుండే ముసలావిడ. ఒకప్పుడు రాజోలు సంతలో పొగాకు అమ్మేది. మంగాయమ్మ ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేది. ఆవిడ నోట్లోంచి తీసిన చుట్ట కొస చీకట్లో కణకణలాడింది. అడ్డచుట్ట. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే రకం.

"ఇక్కడేం చేస్తున్నారు పిన్నీ?"

"ఇంట్లో కాలిస్తే మావాడు కేకలేస్తాడండీ. దగ్గొస్తుందని. అందుకని భోజనాలయ్యేక ఇలా వస్తాను."

"అయితే ఆ దెయ్యం..."

"ఆయ్, నేనేనండీ. పోయినేడు దాకా ఇద్దరం."

బంగారరాజుకి వెంటనే అర్థం కాలేదు.

"ఇద్దరా?"

"మంగానూ నేనూను. మీరు ఓడ మీదున్నప్పట్నించీ. దెయ్యముందని ఊళ్లో చెప్పిందీ మంగే. ఇలా చెప్తే ఎవరూ ఇటు రారు పిన్నీ, అనేది."

మంగాయమ్మ చుట్ట కాల్చేదా? ఆయన ముందు ఏనాడూ ముట్టుకున్నది కాదు. భోజనాలయ్యేక పిన్నికి కాళ్లు పట్టొస్తానని వెళ్లేది, వచ్చేక వక్కపలుకు నమిలేది. అంతే ఆయనకి తెలిసింది.

"ఈ వాసన..."

"మంగ కలిపి ఉంచిన ఆకేనండీ, పొదుపుగా కాలుస్తున్నాను. మీ డబ్బాల్లోంచి గుప్పెడు తెచ్చేది. ముందు లంకాకుకి ఈనె తీసి, తాటిబెల్లం నీళ్లు చిలకరించి, అరిటాకులో చుట్టి బియ్యం డబ్బా కింద పెట్టాలి. ఆ బరువుకి మగ్గేక మీ ఆకు కలపాలి. మాకిద్దరికీ కుదిరేసరికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత మీకూ పెట్టింది."

తనేమో పొడి ఆకులు కలిపి తిట్టుకుంటూ కూర్చున్నాడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు తడిసేయి. తుడుచుకునే ఓపిక కూడా లేక అలాగే వదిలేసేడు.

వీరాయమ్మ కొంగు ముడి విప్పి, మిగిలిన ఆకు ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన పైపు తీసి నింపేడు. అడుగున వదులుగా, పైన బిగువుగా. ఆవిడ చుట్ట నిప్పు అందించింది. వెలిగింది.

ఆయన నాలుగు దమ్ములు నెమ్మదిగా లాగేడు.

"నా గురించి ఏవన్నా అనేదా పిన్నీ... ఇక్కడ కూర్చుని?"

ఆవిడ చుట్ట నుసి రాల్చింది.

"అబద్ధం ఎందుకండీ. మీ గురించి పెద్దగా అనేది కాదు. తన సంగతులే చెప్పుకునేది. చిన్నప్పటివి. అనుకున్నవీ, అవనివీ."

ఆ మాట ఆయనకి తగిలింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. పొగ వదిలి, కాళ్లు చాపుకుని గోడకి ఆనుకున్నాడు.

"చెప్పండి."

"ఒక్క పూటలో అయ్యేవి కావండీ."

"రేపు పెళ్లిళ్లు లేవు. పనికి వెళ్లక్కర్లేదు."

వీరాయమ్మ కాలవ వైపు చూసింది.

"అయితే ముందు ఈ కాలవ సంగతి చెప్తాను. వెన్నెల రాత్రుళ్లు మంగ ఇక్కడే చీర బిగించి దూకేది. అవతలి గట్టు ముట్టుకుని, ఊపిరైనా తీసుకోకుండా తిరిగొచ్చేది..."

బంగారరాజు నోట్లోంచి పైపు తీసేడు. సగం జీవితం సముద్రం మీద గడిపేడాయన. తన భార్యకి ఈత వచ్చని మాత్రం తెలీదు.