జిరాక్సు మీద అడ్డగీతలు

ఆరేళ్లుగా ఈశ్వరిని ఒక సందేహం వదల్లేదు. తప్పు చేయనివాడే అయితే, తిప్పేష్ ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయాడు?

శనివారం ఆంజనేయస్వామి చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే అదే ఆలోచన. అనంతపురంలో కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నా అదే. "స్వామీ, చేసినాడా, చేయలేదా? ఒక్కటి చెప్పు చాలు" అని ఎన్ని వారాలు అడిగిందో. స్వామి గద పట్టుకుని అలాగే నిలబడి ఉండేవాడు. అడగాల్సింది తనను కాదని ఆయన ఉద్దేశమేమో! అప్పట్లో ఆమెకు ఆ ఊహ రాలేదు.

అతన్ని మొదటిసారి చూసింది కూడా గొడవతోనే.

2003లో ఎండలు ఇంకా తగ్గని రోజులవి. యాడికి మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చి అనంతపురంలో గది తీసుకుని కంప్యూటర్ కోర్సు చదువుతోంది ఈశ్వరి. "ఒక సెల్లు కొనుక్కోమ్మా. నీ గొంతు వినపడకపోతే మీ అమ్మకు అన్నం దిగడంలే" అని నాయన హనుమంతప్ప పోరు పెడితే, టవర్ క్లాక్ దగ్గర ఒక చిన్న సెల్ అంగడికి వెళ్లింది. గల్లా దగ్గర ఉన్న యువకుడు ఆమె ఓటరు కార్డు తీసుకుని, అంగట్లోని మిషన్ మీదే రెండు జిరాక్సులు తీసిచ్చాడు. ఆమె పెన్ను తీసి రెండింటి మీదా ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా గీతలు గీసింది.

"అయ్యయ్యో! ఏంది మేడం, కొట్టేస్తాండావు?"

"కొట్టేసేది కాదన్నా. మధ్యలో రాస్తాండా చూడు. ‘ఒక్క సిమ్ కోసమే.’ కింద సంతకం, తేదీ."

"సిమ్ కొంటాండావా, పొలం రిజిస్ట్రీ చేపిస్తాండావా?"

"పొలమైతే యాడికీ పోదు, ఉన్నచోటే ఉంటాది. ఈ కార్డు నంబరు నీ చేతిలోంచి ఎవరి చేతికి పోతాదో నాకేం తెలుసు? నా పేరుతో ఇంగొకడు సిమ్ తీసుకుంటే?"

అతను జిరాక్సు పైకెత్తి, అందులోని ఫొటోను వెలుతురులో చూశాడు. ఎండకు కళ్లు చికిలించి, ముక్కు ముడుచుకుని ఉన్న ఈశ్వరి.

"భయపడొద్దు మేడం. ఈ మొగం చూసి ఎవరూ తీసుకోరు."

ఈశ్వరికి కోపం రావాల్సింది, నవ్వు వచ్చింది. నవ్వు కనపడకుండా గట్టిగా అంది. "ఒక కాయితం నీకు చాలు గదా. రెండోది ఇట్లియ్యి."

"గీతలు పడినాక అది దేనికి పనికొస్తాది? చించేస్తాలే."

అతని పేరు తిప్పేష్. వజ్రకరూరు వాడు. వాన పడితే వాళ్ల ఊరి పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. "నేను వెతకలేదు. నాకు వంగేది చేతగాదు" అని చెప్పేవాడు, ఆమె రీఛార్జికి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక కబురు కలిపి. ఆ రీఛార్జులు కూడా వారానికొకటి అయ్యాయి. అన్ని మాటలు ఎవరితో మాట్లాడుతోందో గదిలో ఉండే స్నేహితురాళ్లకు అంతుపట్టలేదు.

ఒకరోజు వెళ్లేసరికి అంగట్లో ఒక ముసలాయనతో వాదన నడుస్తోంది.

"పెద్దాయనా, రెండు గీతలు గీయి."

"నాకు యాడ గీయాల్నో తెలీదప్పా. నువ్వే గీకు."

"నేను గీయకూడదు. నీ కార్డు, నీ చెయ్యి. ఒంకరైనా పర్వాలేదు, నువ్వే గీయల్ల."

ముసలాయన గొణుక్కుంటూ గీశాడు. తిప్పేష్ తలెత్తి ఈశ్వరిని చూసి, పరీక్షలో పాసైన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఇప్పుడు అందరితో గీపిస్తాండా. ‘సిమ్ అడిగితే బడి పెట్టినాడే’ అని తిట్టిపోతాండారు. అంతా నీ పుణ్యమే."

"పుణ్యమైతే మంచిదే గదన్నా."

"ఆ ‘అన్నా’ ఒక్కటి మానుకో."

"మరేమని పిలిచేది?"

"పేరుండాది గదా."

"సరే తిప్పేషన్నా."

అప్పుడే వాన మొదలైంది. ఇంకో ఊళ్లో అయితే జనం చూరు కిందికి పరిగెత్తుతారు. అనంతపురంలో అంగళ్లలోంచి బయటికి వచ్చి, అరచేతులు చాచి, రోడ్డు మీద నిలబడ్డారు. ఈశ్వరి కూడా దిగింది. తిప్పేష్ ఆమె పక్కన దిగి, చొక్కా జేబును చేత్తో గట్టిగా మూసుకున్నాడు.

"ఏముంది జేబులో? వజ్రమా?"

దొరికిపోయినవాడిలా ఒక మడత కాగితం తీశాడు. అడ్డగీతల వెనకాల, కళ్లు చికిలించిన ఆమె ముఖం.

"చించేస్తానంటివి!"

"చించేదానికి చేయి రాలేదు."

"నా నంబరుంటాది దాని మీద."

"నంబరు జోలికి నేను పోలేదు ఈశ్వరీ. పైన ఫొటో ఉండాది గదా, అదే చూసుకుంటాండా."

కాగితం లాక్కోవాల్సింది. లాక్కోలేదు. గీతలున్నాయి కదా, ఏమవుతుందిలే అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు చాలా బాగుండింది కూడా.

కార్తీకం వచ్చేసరికి విషయం ఇంట్లో చెప్పింది. రెండు ఇళ్లకూ అడ్డం ఏమీ లేదు. హనుమంతప్ప కాసేపు తువ్వాలు సర్దుకుని, "ముందు పిల్లోడు వచ్చి ఒక పూట తినిపోనీ. మిగతాది తర్వాత" అన్నాడు. మనిషిని ఎంచుకునే పద్ధతి ఆ ఇంట్లో అదే. విస్తరి ముందు కూర్చోబెట్టి చూస్తారు.

కార్తీక సోమవారం తిప్పేష్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఈశ్వరి తల్లి ఓబులమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది, నెయ్యి కాచింది. "ఇదంతా ఎంతమందికి అత్తా?" అని అతను విస్తరి చూసి భయపడితే, "ఒక్కనికే నాయనా" అని నవ్వింది. అతను నీళ్లు చిలకరించుకుని, దండం పెట్టుకుని, మొదటి ముక్క తుంచి చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే వాకిట్లో కేక వినిపించింది.

"హనుమంతప్ప అంటే ఎవరప్పా ఈడ?"

తాడిపత్రి నుంచి ఇద్దరు మగవాళ్లు. చేతిలో ఒక చీటీ, దాని మీద ఒక సెల్ నంబరు.

"ఈ నంబరు నుంచి ఎవడో మగోడు మా పాపకు పొద్దస్తమానం ఫోన్లు చేస్తాండాడు. మేము చేస్తే ఎత్తడు. తెలిసినోళ్లతో కనుక్కుంటే నీ కూతురు ఈశ్వరి పేరు, ఈ ఊరు వచ్చినాయి. నీ బిడ్డ ఎవనికి సిమ్ కొనిచ్చిందో అడుగు ముందు."

వీధంతా గడప ముందు చేరింది. పెళ్లికాని పిల్ల పేరుతో సిమ్, అది ఎవడో మగవాడి చేతిలో. ఇంతకంటే ఊరికి కావాల్సిందేముంది? ఈశ్వరి గబగబా గుర్తు చేసుకుంది. కార్డు ఎవరికిచ్చింది తను? ఒక్క అంగట్లోనే కదా. మిషన్ మీద పెట్టి తీసింది అతనే కదా. రెండు తీశాడా, మూడు తీశాడా?

ఆమె గిరుక్కున తిరిగింది.

"నా కార్డు నీ చేతికి తప్ప ఇంగెవరికీ ఇయ్యలేదు తిప్పేషూ. నువ్వే చేసినావు. జేబులో పెట్టుకుని తిరుగుతాండావు గదా!"

తిప్పేష్ ఆమెను చూశాడు. చేతిలోని ఓళిగ ముక్క విస్తరిలో పెట్టేశాడు. ఎడమ చేత్తో జేబులోంచి ఆ మడత కాగితం తీసి, విస్తరి పక్కన పెట్టాడు. లేచి, గుంపును దాటుకుని, బస్సు రోడ్డు వైపు నడిచాడు. ఓబులమ్మ చేతిలో నేతిగిన్నె అలాగే ఉండిపోయింది.

మాట అంగడి దాకా పాకింది. యజమాని అతన్ని మాన్పించాడు. ధర్మవరం పోయాడని ఎవరో అన్నారు. ఈశ్వరికి వచ్చిన రెండు సంబంధాలు ఊళ్లో విచారించి వెనక్కిపోయాయి. మూడోది వస్తే ఈశ్వరే వద్దంది. కాగితం మీద గీతలు తను గీసినవి గీసినట్టే ఉన్నాయి. దాంతో ఇంకో సిమ్ రాదు. మరి గీతలు లేనిది ఇంకొకటి తీసి ఉంటే? ఆరేళ్లు ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది.

2010 ఉగాది దాటాక ఒక ఆదివారం సుంకన్న వచ్చాడు. నాయనకు వరస తమ్ముడు. చేనులో చెనిక్కాయ పంట ఎండిపోయిన ప్రతి ఏడూ భార్యను వెంటబెట్టుకుని హైదరాబాదులో బిల్డింగు పనులకు పోయే మనిషి. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, నోరు తుడుచుకుని అడిగాడు.

"అనా, పాప ఓటరు కార్డు జిరాక్సు ఇంగొకటి ఇస్తావా? ఆ పొద్దు నువ్విచ్చిన దాంతో తీసుకున్న సిమ్ము పాడైపోయింది. కొత్తదానికి మళ్లా ప్రూఫు అడుగుతాండారు."

లోపల బియ్యం ఏరుతున్న ఈశ్వరి చేయి ఆగిపోయింది. చేట పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"ఏ నంబరు చిన్నాయనా?"

సుంకన్న అమాయకంగా అంకెలన్నీ అప్పజెప్పాడు. ఆ అంకెలు ఆమెకు నిద్రలో లేపినా వచ్చు.

"ఆ సెల్లు నీ దగ్గరే ఉండిందా?"

"నా దగ్గరేందమ్మా, పనికాడ అందరిదీ. ఎవరడిగితే వాళ్లు మాట్లాడుకుంటాండ్రి. పాపం, పిల్లోళ్లకు ఊరి మీద బెంగ గదా."

ఈశ్వరి నాయన వైపు తిరిగింది. "నా కార్డు నువ్వెప్పుడు ఇస్తివి?"

హనుమంతప్ప ముఖం మెల్లగా నల్లబడింది.

"ఓటు వేసినాక ఇంట్లో చెక్కపెట్టెలోనే పెట్టిపోతివి గదమ్మా కొన్నాళ్లు. అడిగినాడు, జిరాక్సు తీపిచ్చి ఇచ్చినా. కొడవలి అడిగితే ఇయ్యమా? విత్తనం అడిగితే ఇయ్యమా? కాయితమే గదా అనుకుంటి. మళ్లీ గుర్తే లేదు తల్లీ."

ఈశ్వరి అరుగు అంచున కూర్చుంది. బజారులో అందరినీ అనుమానించి గీతలు గీసింది. ఇంట్లో చెక్కపెట్టె వైపు మాత్రం చూడలేదు. ఇచ్చే గుణమే తప్పంటే నాయనను ఏమని తప్పు పట్టాలి? తప్పు కాదంటే తిప్పేష్ పోగొట్టుకున్నది ఎవరి లెక్కలో పడాలి?

"నీ కార్డుతోనే తీసుకుందాం చిన్నాయనా" అంది చివరికి.

"నాకు కార్డు యాడిదమ్మా? పేర్లు రాసుకునేదానికి వచ్చినప్పుడు నేను ఊర్లో ఉంటే గదా."

"నేను రాపిస్తా. కూర్చో."

తర్వాతి వారం తండ్రీ కూతుళ్లు ధర్మవరం బస్సెక్కారు. విచారిస్తే స్టేషన్ రోడ్డులో ఒక సెల్ రిపేరు బంకు చూపించారు. విప్పేసిన ఫోన్ మీద వంగి ఉన్న తిప్పేష్ తలెత్తి, స్టూలు జరిపాడు. "రా మామా, కూర్చో." ఆ పిలుపు అప్పటిదే. కణతల దగ్గర రెండు వెంట్రుకలు నెరిశాయి.

హనుమంతప్ప కూర్చోలేదు. "ఆ జిరాక్సు ఇచ్చింది నేనప్పా" అని, టీ తాగొస్తానని రోడ్డు దాటిపోయాడు.

"ఆ పొద్దు ‘నేను కాదు’ అని ఒక్క మాట చెప్పింటే ఏం పోయింటాది తిప్పేషూ?"

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"నువ్వు అడిగింటే చెప్పింటి. నువ్వు అడగలేదు ఈశ్వరీ. తేల్చేసినావు."

ఆరేళ్ల ప్రశ్నకు జవాబు అంత చిన్నది. బంకు గోడకు ఒక పాప ఫొటో అంటించి ఉంది.

"నీ కూతురా?"

"ఊ. చౌడేశ్వరి. రెండేండ్లు. మా ఇంటామె జ్యోతి, మగ్గం నేస్తాది." తర్వాత అడిగాడు. "నువ్వు?"

"నేను కాలేజీ ఆఫీసులో." అంతటితో ఆపింది.

బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. అమ్మ చెప్పి పంపిన మాట మాత్రం వచ్చింది.

"ఆ పొద్దు నుంచి మా అమ్మ ఇంట్లో ఓళిగలు చేయలేదు. తినేవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపిన ఇల్లు మాది అని పండగ పూట కూడా పొయ్యి దగ్గర ఏడుస్తాది. ఒక్క పూట వచ్చి తిని పో తిప్పేషూ. ఇంగేమీ అడగను."

"ఇన్నేండ్ల తర్వాత ఏం తినేదిలే" అని అతను మళ్లీ ఫోన్ మీదికి వంగాడు.

అయినా సోమవారం వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడుస్తూ, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "జ్యోతి పొమ్మనింది. ‘నువ్వు తినేదాకా ఆ ఇంటోళ్లకు అన్నం సయించదు, పోయి తినిరా’ అనింది."

ఈశ్వరి నేల తుడిచి విస్తరి వేసింది. హనుమంతప్ప వెళ్లి గడప మీద అడ్డంగా కూర్చున్నాడు, ఈసారి ఎవరొచ్చినా లోపలికి రానిచ్చేది లేదన్నట్టు. తిప్పేష్ నీళ్లు చిలకరించుకుని, దండం పెట్టుకున్నాడు. ఓబులమ్మ ఓళిగ వేసింది. ఈశ్వరి నెయ్యి పోసింది. కొంచెం ఎక్కువే పడింది.

"సాలు, సాలు. నాకు మళ్లా బస్సు ఎక్కేది ఉండాది."

"బస్సు యాడికీ పోదులే."

అది నోట్లోంచి వచ్చాక, టవర్ క్లాక్ అంగట్లో ఎలా మాట్లాడేదో అలాగే వచ్చిందని ఆమెకు తెలిసింది. అతనికీ తెలిసినట్టుంది, తల ఎత్తలేదు. ఇద్దరూ నవ్వగలిగేవాళ్లే, నవ్వలేదు.

రెండో ఓళిగ అయింది. పప్పు, అన్నం, మజ్జిగ అయ్యాయి. "ఇంగొక ఓళిగ ఎయ్యి అమ్మా" అని చేయి చాచాడు. అప్పుడు అత్తా అన్న నోరు ఇప్పుడు అమ్మా అంది. ఓబులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే వడ్డించింది.

తిప్పేష్ నిదానంగా తిన్నాడు. ఆఖరి ముద్ద తిని, విస్తరిని తన వైపుకు మడిచి, లేచాడు. ఈశ్వరి వంగి విస్తరి తీసి, విప్పి చూసింది. అందులో ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.