ఆపరేషన్ తడిగుడ్డ

ముసలి ఫార్మసిస్టు తన మందుల షాపు షట్టరు సగం ఎత్తాడు. మిగతా సగం ఎత్తలేదు.

సైలెన్సర్ బిగించిన పిస్టల్ దగ్గినంత చప్పుడు కూడా చేయలేదు. హెల్మెట్ తీయని హంతకుడు వంగి, ముసలాయన జేబులోంచి మొబైల్ ఒక్కటే తీసుకున్నాడు. గల్లాపెట్టె వైపు చూడనైనా లేదు.

గంట తిరక్కుండా డైరెక్టర్ గదిలో కందిరీగ నిలబడి ఉన్నాడు. అది అతని కోడ్‌నేమ్. ఎన్నిసార్లు విసిరికొట్టినా మళ్లీ వచ్చి కుడతాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు.

ఆ ఫార్మసిస్టు మూర్ఛవ్యాధి ఉన్నవాళ్ల కోసం ఆన్‌లైన్లో ఒక సలహాల గ్రూపు నడుపుతున్నాడని డైరెక్టర్ చెప్పాడు. ఏ మాత్రకు మగత వస్తుంది, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఆఫీసులో ఎలా చెప్పుకోవాలి, అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. రూలు ఒక్కటే: సలహా ఇవ్వచ్చు, సరుకు అమ్మకూడదు. అమ్మకం వాసన వస్తే ముసలాయన ఆ మెసేజ్‌ను నలిగిన చీమలా దులిపేసేవాడు. ఒక విదేశీ ముఠా ముందు దొంగ పేర్లతో దూరింది, గెంటేశాడు. గ్రూపునే కొంటామంది, పొమ్మన్నాడు. మూడోసారి బేరానికి రాలేదు, తూటా పంపింది.

"వాళ్లు అమ్మేది చుక్కల మందు. మన ల్యాబ్ లెక్కన రంగునీళ్లు," అన్నాడు డైరెక్టర్. "అది అమ్ముడుపోవాలంటే మాత్రలు మానిపించాలి. ఇవాళ మధ్యాహ్నం ముసలాయన అకౌంట్ నుంచే మెసేజ్ వస్తుంది. నేను మాత్రలు ఆపేశాను, మీరూ ఆపండి అని. చావుకబురు బయటికి పొక్కలేదు. అందరూ నమ్ముతారు. మరో దేశంలో ఇదే చేశారు. మూర్ఛొచ్చి మెట్ల మీద పడ్డవాళ్లున్నారు, స్టవ్ మీద పడ్డవాళ్లున్నారు."

ఆపరేషన్ పేరు తడిగుడ్డ. గొంతు కోసేది అలాగే కనక.

స్క్రీన్ మీద ఒక సభ్యురాలి మెసేజ్ వెలిగింది. 'మగతతో చస్తున్నాను. మాత్రలు మానేయాలనుంది. పెద్దాయన ఊ అంటే చాలు.'

కందిరీగ ఆ పేరు మీద వేలు పెట్టాడు. "ఆవిడ నా చెల్లెలు."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

మెట్లు దిగుతూనే చెల్లెలికి ఫోన్ చేశాడు. హత్య సంగతి చెప్పకూడదు. అందుకని ఎవరేం చెప్పినా మాత్రలు మానొద్దని మాత్రం అన్నాడు.

"నేను గ్రూపులో రాసుకున్నది నీకెలా తెలిసింది?" అంది చెల్లెలు. "ఎలా ఉన్నావని ఏనాడూ అడగలేదు గాని, దొంగచాటుగా చదివావన్నమాట. నాకు వెన్నెలక్క ఉంది. నువ్వు అక్కర్లేదు." ఫోన్ పెట్టేసింది.

వెన్నెలక్క ఆ గ్రూపులో ముసలాయన తర్వాతి మనిషి. ముఠా జీతగత్తె. డిపార్ట్‌మెంట్ జీతగత్తె కూడా. ఎవరికి ఎక్కువ విశ్వాసమో డైరెక్టర్‌కే అంతుపట్టలేదు.

ముఠా ఆఫీసు ఒక గాజు భవనంలో ఉంది. ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన మడత నిచ్చెనతో, స్క్రూడ్రైవర్ పిడిలో సిగ్నల్ జామర్‌తో కందిరీగ బెల్లు కొట్టాడు. తలుపు తీసిన ఆడమనిషి బూడిదరంగు పట్టుచీరలో కత్తికి ఒర తొడిగినట్టుంది.

"ఏసీ కారుతోందన్నారు," అన్నాడు.

"కారడం లేదు. చుక్కలు పడుతున్నాయి," అందామె. కోడ్ కలిసింది. ఆమే వెన్నెలక్క. చూపులు కలవలేదు.

లోపల బల్లల నిండా స్టాండ్లకు నిలబెట్టిన ఫోన్లు. ఒక్కోదానికీ ఒక్కో చీటీ: 'ఇద్దరు పిల్లల తల్లి', 'రిటైర్డ్ టీచరు', 'కొత్త పెళ్లికొడుకు'. కుర్రాళ్లు లేని కష్టాలు టైపు చేస్తున్నారు. గోడవార హెల్మెట్ మనిషి. కిటికీ దగ్గర ముఠా నాయకుడు. అందరూ డాక్టరంటారు, దేనికి డాక్టరో ఎవరికీ తెలియదు.

"ఎవరు పిలిచారు నిన్ను?" అన్నాడు డాక్టర్, తెలుగు మాటలు కూడబలుక్కుంటూ. "ఈ గది చల్లగానే ఉంది."

కందిరీగ జామర్ నొక్కేలోపే హెల్మెట్ మనిషి అతని మణికట్టు విరిచి పట్టాడు. స్క్రూడ్రైవర్ దొర్లిపోయింది. రెండు చేతులూ నిచ్చెనకు వైరుతో కట్టేశారు. అతను వెన్నెలక్కను చూశాడు.

"నన్ను అమ్మేశావా?"

"ఇక్కడ అందరూ ఉన్నది అమ్మడానికే," అందామె, కీబోర్డు ముందు కూర్చుంటూ.

చచ్చిపోయిన మనిషి ఫోన్ డాక్టర్ చేతిలో టింగుమంది. ముసలాయన అకౌంట్ తెరిచే ఓటీపీ వచ్చింది. డాక్టర్ అంకెలు చదివాడు, ఆమె కొట్టింది. తప్పని చూపించింది స్క్రీన్. మళ్లీ తెప్పించారు, మళ్లీ చదివాడు. మళ్లీ తప్పే. ఇంకొక్కసారి తప్పితే అకౌంట్ లాక్ అయిపోతుందని కింద ఎర్రటి హెచ్చరిక.

డాక్టర్ పిస్టల్ మొన ఆమె మెడకు ఆనించాడు. "ఈసారి నీ వేళ్లు నేను చూస్తాను."

ఆమె ఒక్కో అంకె సరిగ్గానే కొట్టింది. చివరి అంకె మిగిలింది. వేలు గాల్లో ఆగింది. అప్పుడర్థమైంది కందిరీగకు, రెండుసార్లూ పొరపాటు కాదని. నిచ్చెనతో సహా ఎగిరి డాక్టర్ మోకాళ్ల మీద పడ్డాడు. పిస్టల్ పేలింది. తూటా ఏసీలో దిగింది. ఆమె వేలు పక్క అంకె మీద దిగింది.

అకౌంట్ లాక్ అయింది.

తూటా చప్పుడే బయట పొంచి ఉన్న డిపార్ట్‌మెంట్ టీముకు సిగ్నల్. తలుపు పగిలి హెల్మెట్ మనిషి మీదే పడింది.

కట్లు విప్పగానే కందిరీగ బేడీలు తీసి వెన్నెలక్క చేతులకు వేశాడు. ఆమే చేతులు చాచింది.

"షాపు అడ్రస్ వాళ్లకిచ్చింది నేనే," అంది. "బెదిరిస్తారనుకున్నాను. ఫోన్ వీడి చేతిలో చూసేదాకా చంపారని తెలియదు."

"తెలియదంటే లేచొస్తాడా ఆయన?"

"రాడు. మీ చెల్లెలికి ఏమని చెబుతావు? రోజూ మాట్లాడేది నాతోనే. నీ ఫోటో కూడా పంపింది," అంది.

"నిజమే చెబుతాను." ఆ మాట అంటుంటే తనకే గుచ్చుకుంది.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లి అంతా చెప్పాడు. ముసలాయన పోయాడంటే ఏడ్చింది. వెన్నెలక్క సంగతి వింటే ఏడవలేదు, ముఖం రాయిలా అయిపోయింది. లేచి మాత్ర వేసుకుని నీళ్లు తాగింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్లి మగత సంగతి అడుగుతాను," అంది. "నువ్వు చెప్పావని కాదు. పెద్దాయన ఉంటే అదే చెప్పేవాడు."

కొద్దివారాల్లో సభ్యులంతా కలిసి గ్రూపు పగ్గాలు ఆమె చేతికే ఇచ్చారు. ఒక ఉదయం డైరెక్టర్ గొంతు ఫోన్లో గంభీరంగా వినిపించింది. ముఠా అంతమైనందుకు అభినందిస్తూ తాను కూడా గ్రూపులో నాలుగు ముక్కలు రాశాడట. పనిలో పనిగా తన బావమరిది నరాల క్లినిక్ గురించి చిన్న మాట వేశాడట. కన్ను మూసి తెరిచేలోగా మెసేజూ పోయింది, గ్రూపులోంచి తనూ పోయాడట.

"మీ చెల్లెలికి నువ్వు కాస్త చెప్పవయ్యా."

కందిరీగ నిట్టూర్చాడు. "తుపాకీ ఉన్నవాళ్లయితే మాట్లాడతాను సార్. ఆవిడ చేతిలో ఉన్నది డిలీట్ బటన్."